కుట్టేసిన ఆఖరి పేజీలు

ఒక మనిషి సమాధిని నేను తవ్వించాను. పార నా చేత్తో పట్టుకోలేదు. నా పేరు ఏ కాగితం మీదా లేదు. అయినా తవ్వించింది నేనే. ఈ ముక్క రాయడానికి నాకు సగం జీవితం పట్టింది. రాశాక చూసుకుంటే, నేను చేసినదాంట్లో ఇది తేలికైన సగం. రెండో సగాన్ని గుండెల మీద పెట్టుకునే ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని చదివించాను, రిటైరయ్యాను. మొన్నామధ్య ఒక ఆపరేషన్ జరిగింది. బల్ల మీద పడుకోబెట్టి మత్తుమందు ఇచ్చేటప్పుడు భయం వేసింది. చచ్చిపోతానని కాదు. మత్తులో ఎక్కడ నోరు జారుతానో అని.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ల దగ్గర ఎన్నోసార్లు మొదలుపెట్టాను. "మీకో సంగతి చెప్పాలి" అనేవాణ్ణి. వాళ్లు కళ్లజోడు సర్దుకుని నా వైపు చూసేవారు. అంతే, మోకాళ్ల నొప్పుల గురించో కరెంటు కోతల గురించో నాలుగు మాటలు మాట్లాడి లేచి వచ్చేసేవాణ్ణి. మీరు కళ్లజోడు సర్దుకున్నా నాకు కనబడదు.

ఎనభైల మొదట్లో సంగతి. కృష్ణా జిల్లా నుంచి పని వెతుక్కుంటూ విశాఖపట్నం వచ్చాను. స్టీలు ప్లాంటు కట్టడం జోరందుకుంటున్న రోజులు. ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు చూసే పని దొరికింది. పొద్దున్నే రైలెక్కి దువ్వాడలో దిగడం, అక్కణ్ణుంచి లారీలో సైటుకి పోవడం, సాయంత్రం మళ్లీ అదే దారిన తిరిగి రావడం. ఉండటం మాత్రం ఓల్డ్ టౌన్‌లో, ఒక మేడ మీద గదిలో. పోర్టులో ఇనుప ఖనిజం గుట్టల మీంచి గాలి ఇటు మళ్లిందంటే చాలు, కిటికీ గట్టు మీద, కూజా మూత మీద, ఆరేసిన బనీన్ల మీద సన్నటి ఎర్ర దుమ్ము పరుచుకునేది. ఎవరు ఎక్కడ చెయ్యి పెట్టినా ముద్ర పడేది. వీధిలో అందరూ ఆ దుమ్ముని తిట్టుకునేవారు. నేను మాత్రం వంగి ఆ ముద్రల్ని చూసేవాణ్ణి. నాకు డిటెక్టివ్ నవలల పిచ్చి.

అందులోనూ వెంటపడటాలు, తుపాకులు నాకు అక్కర్లేదు. ఆ పేజీలు చకచకా తిప్పేసేవాణ్ణి. శవం దొరికాక ఒక డాక్టరు వచ్చి, గ్లవ్సు తొడుక్కుని, భూతద్దం కింద ఒక వెంట్రుక పెడతాడు చూశారా, అక్కడ నాకు ఒళ్లు జల్లుమనేది. మనుషులు అబద్ధమాడతారు. వెంట్రుక ఆడదు. గోరు ఆడదు. చచ్చినవాడి కడుపులో మిగిలిన మెతుకు కూడా సాక్ష్యం చెబుతుంది. ఎందుకంత ఇష్టం? చాలాకాలం నాకే తెలియలేదు. నా చిన్నప్పుడు మా అమ్మ పోయింది. పొద్దున ముగ్గేసిన మనిషి సాయంత్రానికి లేదు. ఎందుకు పోయిందంటే ఒకరు కడుపునొప్పి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు, నాన్న అసలేమీ అనలేదు. నవలల్లో అలా జరగదు. కారణం లేని చావు అక్కడ ఉండదు. ఆఖరి పేజీకల్లా ఎవరో ఒకరు లేచి నిలబడి, ఇందుకు, ఇలా, వీళ్ల వల్ల అని చెప్పేస్తారు. నాకు ఆ మాట కావాలి. ఎవరి చావైనా సరే.

ఆ నవలలు నాకు అద్దెకిచ్చినవాడు గఫూర్. మా వీధి చివర చిన్న బైండింగు షాపు. ముందు బల్ల మీద స్కూలు పుస్తకాలకు అట్టలు వేసేవాడు, వెనక చెక్క అరల్లో అద్దె నవలలు. నాకంటే కొన్నేళ్లు పెద్ద. సన్నటి మనిషి. పొడుగాటి వేళ్లు. వాటి మీద మైదా జిగురు ఎండిపోయి ఎప్పుడూ పొట్టు లేస్తూ ఉండేది. నన్ను బావ అనేవాడు. ఆ ఊళ్లో మగవాళ్ల మధ్య అది మామూలు పిలుపే, నేనూ ఆయన్ని బావా అనే పిలిచేవాణ్ణి. దాంతో ఆయన భార్య జైబున్నీసా నాకు చెల్లెలి వరసైంది. ఆమె నన్ను నోరారా అన్నయ్యా అనేది.

గఫూర్‌కీ నాకూ మధ్య ఒక ఆట ఉండేది. కొత్త డిటెక్టివ్ నవల ఏదొచ్చినా ముందు తను చదివేసేవాడు. తర్వాత చివరి పేజీలన్నీ కలిపి, అంచున సూదితో కుట్టేసి నాకిచ్చేవాడు. అక్కడిదాకా చదివి నేను షాపుకి రావాలి. ఆయన చేతిలో పని ఆపి, కళ్లు చిట్లించి, "సెప్పు బావా, ఎవులు?" అనేవాడు. హంతకుడెవరో, ఏ ఆధారంతో పట్టుకున్నానో చెప్పాలి. అంతా విని ఒక్క ముక్క బయటపెట్టకుండా బ్లేడు తీసుకుని దారం కోసేవాడు. సన్నగా పుటుక్కుమనేది. అక్కడే నిలబడి ఆఖరి పేజీలు చదువుకునేవాణ్ణి. పదింట తొమ్మిదిసార్లు నాదే నిజమయ్యేది. ఆయన మెచ్చుకుంటుంటే కాలరు ఎగరేసేవాణ్ణి. ఆ మెప్పే నన్ను పాడు చేసిందా? లేకపోతే పాడయ్యేవాడు ఎక్కడైనా పాడవుతాడా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

వాళ్లకి పిల్లల్లేరు. పెళ్లయి చాలా ఏళ్లయింది. తొలకరి పడుతున్న రోజుల్లో ఒకసారి గఫూర్ నన్ను అరల వెనక్కి పిలిచాడు.

"బావా, దువ్వాడ టేసను బయట గుడారం ఏసుకుని ఒకాయన మందులిత్తన్నాడంట. నువ్వు రోజూ ఎల్తావు గదా. నాకో పొట్లం తెచ్చిపెట్టు."

"నువ్వే వచ్చి చూపించుకోరాదూ?" అన్నాను.

"నాను కనబడితే ఊరంతా తెలిసిపోద్ది. జైబూన్‌క్కూడా సెప్పకు. దానికేటీ లోపం నేదు బావా. నాదే అనుకుంతన్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. నాకు జాలేసింది, చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. మర్నాడే దువ్వాడలో రైలు దిగి ఆ గుడారంలోకి వెళ్లాను. సీసాలు, ఎండిన వేళ్లు, ఏదో జంతువు కొమ్ము. మందులాయన నన్నేమీ అడగలేదు. న్యూసుపేపరు ముక్కలో బూడిదరంగు పొడి కట్టిచ్చి, తేనెలో నాకాలి అన్నాడంతే. బయట వాన. పొట్లం తడవకుండా చొక్కా లోపల, బనీను మీద దోపుకుని తెచ్చాను. అలా మొదలైంది. పొట్లం అయిపోగానే చెప్పేవాడు, నేను తెచ్చేవాణ్ణి. వానాకాలం పోయి చలి వచ్చినా తెస్తూనే ఉన్నాను.

ఈలోగా గఫూర్ నీరసపడ్డాడు. వాంతులు. అరికాళ్లు మండుతున్నాయనేవాడు, వేళ్లు తిమ్మిరెక్కి సూది పట్టుకోవడం కష్టమైపోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అల్సరన్నారు, రక్తం తక్కువన్నారు. నీరసం పోతుందేమోనని ఆయన ఆ పొడి ఇంకాస్త ఎక్కువ నాకేవాడు. నాకా సంగతి తెలుసు. "బలానికి కూడా మంచిదంట బావా" అంటే తలూపాను.

జైబున్నీసా ఆయన్ని కంటికి రెప్పలా చూసుకుంది. ఎవర్నీ వంటింట్లోకి రానిచ్చేది కాదు. సగ్గుబియ్యం జావ, వెల్లుల్లి చారు తనే కాచి, తనే చల్లార్చి, తనే తాగించేది. పక్కింటివాళ్లు ఏమైనా పంపితే వద్దని తిప్పి పంపేది. ఒకరోజు నా ముందే ఆయన మీద విసుక్కుంది, "ఈ సావుల పుస్తకాలన్నీ కాల్చీసి పారేత్తాను, ఇంటికి దరిద్రం" అని. గఫూర్ నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాలో ఎక్కడో ఒక మూల కూర్చుంది.

ఆఖరిసారి ఆయన దారం కోసినప్పుడు చూశాను. బ్లేడు వణుకుతోంది. వేళ్ల మీద జిగురు లేదు, చాలా రోజులుగా పని చేయడం లేదు కాబట్టి గోళ్లు శుభ్రంగా కనిపిస్తున్నాయి. ప్రతి గోరు మీదా అడ్డంగా ఒక తెల్లటి గీత. అన్నిటి మీదా ఒకే ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు.  ఆ గీతల గురించి చదివాను, ఆయన షాపులో తీసుకున్న నవలలోనే. కొద్దికొద్దిగా పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, పెడుతూ పోతే గోళ్ల మీద అలా గీతలు పడతాయి.

స్నేహితుణ్ణి పట్టుకుని ఏడవాల్సిన చోట నాకు ఏం కలిగిందో చెప్పనా? ఉత్సాహం. అది రాయకపోతే ఈ కాగితం అంతా అబద్ధమే.

ఆ వారంలోనే గఫూర్ పోయాడు. మట్టి చేసేరోజు నేను మగవాళ్లతో కలిసి ఖబరస్తాన్ దాకా నడిచాను. అత్తరు వాసన, అగరొత్తుల పొగ, ఎవరో మెల్లగా ప్రార్థన చదువుతున్నారు. నేను ఏడ్చాను, అది నిజమే. ఏడుస్తూనే లెక్కలు వేస్తున్నాను. వంట ఎవరిది? ఆమెది. ఇంకెవరి చేతి తిండీ పడనివ్వనిది ఎవరు? ఆమె. పాషాణం తిన్నవాళ్ల నోట్లో వెల్లుల్లి వాసన వస్తుందని కూడా చదివాను. ఆయన నోట్లో వచ్చేది. వెల్లుల్లి చారు తాగే మనిషి నోట్లో వెల్లుల్లి వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని ఆలోచించే తెలివి నాకు లేకపోయింది. నవలల్లో విషం పెట్టేవాళ్లే అందరికంటే బాగా సేవ చేస్తారు. ఆమె చేసిన సేవనంతా ఒక్కొక్కటిగా తీసి, ఆమె మీదే నేరంగా పేర్చాను.

పొట్లాలు గుర్తు రాలేదా అని మీరడుగుతారు. గుర్తున్నాయి. కానీ లెక్కలోకి రాలేదు. అవి మందు. మందు తెచ్చినవాడు స్నేహితుడు. ఆ స్నేహితుడు కథ చెప్పేవాడు. కథ చెప్పేవాణ్ణి ఎవరనుమానిస్తారు?

హెడ్డు కానిస్టేబుల్ అప్పలనాయుడు కూడా ఆ షాపులో నవలలు తీసుకెళ్లేవాడే. టీకొట్టు దగ్గర పక్కకి తీసుకెళ్లి చెప్పాను. ఆయన ముందు నవ్వాడు.

"ఏటి బావా, నవల సెప్తన్నావా, నిజం సెప్తన్నావా?"

"తవ్వి చూస్తే తెలుస్తుంది. గోళ్లూ వెంట్రుకలూ అబద్ధం చెప్పవు" అన్నాను. "నా పేరు మాత్రం రానివ్వకు."

"నీ పేరెందుకొత్తాది. ఆడి అన్నున్నాడు గదా, ఆడి సేత సంతకం పెట్టిత్తాను."

గఫూర్ అన్నకి ఆ షాపు మీద ఎప్పట్నుంచో కన్నుంది. సంతకానికి ఆలస్యం కాలేదు.

తవ్వినరోజు పొద్దున్నే వెళ్లాను. సైటుకి సెలవు పెట్టి మరీ వెళ్లాను. సమాధి చుట్టూ గుడ్డలు కట్టారు. తహసీల్దారు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. బయట గోడ దగ్గర ఓల్డ్ టౌన్ మగవాళ్లంతా నిలబడి ఉన్నారు. పెద్దవాళ్లు కొందరు తలలు దించుకుని గొణుక్కుంటూ దువా చేస్తున్నారు. పారల చప్పుడు ఆగింది. గాలి మా వైపు మళ్లింది. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాను కానీ కదల్లేదు. గుడ్డల కిందనుంచి డాక్టరు బూట్లు కనిపిస్తున్నాయి, పక్కన వరసగా పెట్టిన గాజుసీసాలు కనిపిస్తున్నాయి. ఒకదాంట్లో వెంట్రుకలు వేశారు. ఇంకోదాంట్లో వేసేటప్పుడు సన్నటి చప్పుడైంది. అవి గోళ్లని నాకు తెలుసు. దారం కోసిన వేళ్ల గోళ్లు. చివర్లో ఒక సీసాలోకి సమాధి మట్టి ఎత్తారు.

"మట్టెందుకో?" అన్నాడు నా పక్కనున్నాయన, తనలో తను.

"మట్టిలోనే పాషాణం ఉంటే శవంలోకి దిగుతుంది. అందుకని పోల్చి చూస్తారు" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి "డాక్టరుగారాండి?" అన్నాడు. కాదనలేదు. ఆ క్షణాన నాకు గర్వంగా ఉంది. నా స్నేహితుణ్ణి గోతిలోంచి పైకి తీశారు, నేను గోడ దగ్గర నిలబడి పాఠం చెబుతున్నాను. ఆ ముఖం, ఆ పొద్దున నా ముఖం, ఇప్పటికీ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తుంది.

సీసాలు హైదరాబాదు వెళ్లాయి. ఆమె ఇంట్లో జిగురులో పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం డబ్బా కూడా పోలీసులు పట్టుకెళ్లారు. భర్త పోయిన ఆడవాళ్లు కొన్ని నెలలు ఇంట్లోంచి కదలకూడదని వాళ్లకో గడువు. అది పూర్తికాకుండానే ఆమెను గడప దాటించి స్టేషన్‌కి పిలిపించారు. వీధిలో అందరూ తలుపులు ఓరగా తీసి చూశారు. నేను మేడ మీంచి చూశాను. ఆమె కాళ్లు తడబడుతూ నడిచింది. ఎర్ర దుమ్ములో అడుగులు పడ్డాయి.

రిపోర్టు వచ్చింది. పాషాణం ఉంది. ఆమెను జైలుకి పంపారు.

నేనన్నదే నిజమైంది. రెండు రోజులు మనిషిని నేల మీద లేను. మూడోరోజు అప్పలనాయుడు కనిపించి నా భుజం తట్టాడు.

"బుర్ర బావా నీది. ఒక్కసారి పెట్టింది కాదంట. రోజూ కొంచెం కొంచెం. ఎంట్రుకని ముక్కలు సేసి, ఏ ముక్క ఏ నెల్లో పెరిగిందో లెక్కేసి సూసినారు. తొలకరి కాడ్నుంచి మొదలంట."

తొలకరి. నాకు ఛాతీ మీద చల్లగా తగిలింది. చొక్కా లోపల, బనీను మీద, వానలో తడవకుండా దాచుకున్న పొట్లం తగిలిన చోట.

ఆయన ఇంకా ఏదో మాట్లాడుతున్నాడు. నాకు వినిపించలేదు. గదికి వెళ్లి తలుపేసుకుని ట్రంకు పెట్టె తీశాను. గఫూర్ పోయిన రోజున తెచ్చి ఇవ్వలేకపోయిన ఆఖరి పొట్లం అందులోనే ఉంది. నవలల్లో నేర్చుకున్నది ఒకటుంది. అనుమానం ఉన్న పొడిని నిప్పు మీద వేస్తే, అది పాషాణమైతే వెల్లుల్లి వాసన వస్తుంది. బొగ్గుల కుంపటి రాజేసి, చిటికెడు పొడి నిప్పు మీద వేసి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాను. తెల్లటి పొగ లేచింది. గది గదంతా వెల్లుల్లి వాసన. పట్టపగలు, ఎండ పడుతున్న గదిలో, ఎవరో నా వెనక నిలబడి కళ్లు చిట్లించి చూస్తున్నట్టే అనిపించింది. ఆ గదిలో కుంపటికి వీపు తిప్పి నిలబడటానికి ఆ తర్వాత నాకెప్పుడూ ధైర్యం చాలలేదు.

జీవితంలో నేను చేసిన ఒకే ఒక శాస్త్రీయ పరీక్ష అది. తప్పు లేని పరీక్ష. ఏం తేలిందో నాకు ఒక్కడికే తెలుసు.

ఆ పొట్లం పట్టుకుని పోలీసు స్టేషన్‌కి నడవొచ్చు. పదడుగుల దూరం అనుకోండి. ఆమె ఆ సాయంత్రానికి కాకపోతే ఆ వారానికి బయటికి వచ్చేది. నేనేం చేశానంటే, మర్నాడు పొద్దున దువ్వాడ రైల్లో మరుగుదొడ్డిలోకి వెళ్లి, పొట్లం విప్పి, కింద కన్నంలోంచి పట్టాల మీదికి వదిలేశాను. కాగితం చింపి అదీ వదిలేశాను. చేతులు కడుక్కున్నాను. మళ్లీ కడుక్కున్నాను. బయట ఎవరో తలుపు బాదుతున్నారు. దువ్వాడలో దిగి చూస్తే గుడారం లేదు. గుంజలు పాతిన గుంటలు మాత్రం ఉన్నాయి.

భయమా? భయమే. నన్ను పట్టుకుంటారని. కానీ అదొక్కటే కాదు. కథ నా చేతుల్లోంచి జారిపోయిందని కూడా. అన్ని నవలలు చదివి, అన్నిసార్లు కాలరు ఎగరేసి, చివరికి చంపిన చెయ్యి నాదే అయితే నేను ఎవర్ని? ఈ ప్రశ్న వేసుకోవడానికి కూడా నాకప్పుడు దమ్ము లేదు. సైటుకి వెళ్లి కూలీల పేర్లు పిలిచాను.

కోర్టుకి ఒక్కసారి వెళ్లాను. వెనక బెంచీలో కూర్చున్నాను. జైబున్నీసా సగానికి సగం అయిపోయింది. ఆమె తరఫు వకీలే అడిగాడు, ఆమెకి సాయం చేద్దామనే అడిగాడు, నీ భర్త బయటి మందులేమైనా వాడేవాడా అని.

"లేదండి. నా సేతి తిండి తప్ప ఆయనేటీ ముట్టలేదండి" అంది.

అది ఆమెకు తెలిసిన నిజం. గఫూర్ సిగ్గుపడి దాచిన సంగతి ఆమెకెలా తెలుస్తుంది? ఆ నిజంతోనే తన మెడకి తాను ఉచ్చు బిగించుకుంది. హాల్లో ఒక్కసారి గుసగుసలు లేచాయి. వకీలు నుదురు రుద్దుకున్నాడు. నేను లేచి నిలబడితే చాలు. నోరు విప్పక్కర్లేదు, నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఏమిటని అడిగేవారు. నా అరచేతులు బెంచీకి అతుక్కుపోయాయి. తలపైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతూనే ఉంది.

చాలా నెలల తర్వాత ఆమెను వదిలేశారు. తప్పు చేయలేదని కాదు, చేసిందని రుజువు కాలేదని. షాపు అప్పటికే గఫూర్ అన్న చేతిలోకి పోయింది. పుట్టింటివాళ్లు రానివ్వలేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఎక్కడో చిన్న గది తీసుకుని లంగాలు, జాకెట్లు కుట్టుకుంటోందని విన్నాను. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవారట గానీ, ఆమె చేత్తో గ్లాసుడు మంచినీళ్లు కూడా ఎవరూ తాగరట. వాకిట్లో ఆడుకునే పిల్లలకి ఒకసారి బెల్లం ముక్క పెట్టబోతే తల్లి పరుగున వచ్చి పిల్లాడి నోట్లో వేలు పెట్టి కక్కించిందట. ఈ మాట చెప్పినామె నవ్వుతూ చెప్పింది.

ఒకరోజు సాయంత్రం సిటీబస్సు దిగుతుంటే ఎదురుపడింది. తప్పించుకుందామనుకున్నాను. ఆమె నన్ను చూసి ఆగిపోయింది.

"అన్నయ్యా, మీది ఒకటి నా దగ్గరుండిపోయింది. ఒకపాలి ఇంటికి రండి."

నాది ఆమె దగ్గరేముంటుంది? పోలీసులకి దొరకని పొట్లమా?  వెంట నడిచాను. వీధి నిండా ఎండుచేపల వాసన. గదిలో ఒక మూల కుట్టుమిషను, ఒక మూల స్టవ్వు. చాప పరిచింది. పెట్టెలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది. డిటెక్టివ్ నవల. చివరి పేజీలు తెల్లదారంతో కుట్టి ఉన్నాయి. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, తిమ్మిరెక్కిన వేళ్లతో కుట్టినవి.

"పోయే ముందు మీకోసమని కుట్టేరు. పోలీసోళ్లు అన్నీ తీసుకుపోనారు గానీ ఇది తలగడ కింద ఉండిపోయింది" అంది. నా ముఖంలోకి చూడకుండా అడిగింది. "మీరు ఇన్ని పుస్తకాలు సదివేరు గదా అన్నయ్యా. మీకేటనిపిత్తంది? నాను సంపేనంటారా?"

"లేదమ్మా" అన్నాను.

"అంత గట్టిగా ఎలగ సెప్తన్నారు?"

ఇదిగో, ఇక్కడ. ఇంతకంటే తెరిచిన తలుపు ఎవరికి దొరుకుతుంది? ఆమే అడిగింది. ఎలా చెబుతున్నావని అడిగింది. నా నోటి చివరిదాకా వచ్చింది. నేను ఏమన్నానో తెలుసా? "నీ సంగతి నాకు తెలియదా చెల్లెమ్మా" అన్నాను.

ఆమె లేచి స్టవ్వు దగ్గరికి వెళ్లింది. తను తినడానికి పెట్టుకున్న అన్నం, చేపల పులుసు పళ్లెంలో వడ్డించి నా ముందు పెట్టింది. పెట్టి, వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని నిలబడింది. తినమని అనలేదు. తింటానో లేదో చూస్తోంది. పులుసు నిండా వెల్లుల్లి. ఆ కుంపటి రోజు తర్వాత నేను వెల్లుల్లి ముట్టలేదు.  ముద్ద కలిపాను. నోట్లో పెట్టుకున్నాను. మింగాను. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

తలెత్తేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"నా సేతి అన్నం ఎవులూ తినట్లేదు. మీరొక్కరే అన్నయ్యా. మీరొక్కరే నన్ను నమ్మేరు. అల్లా మిమ్మల్ని సల్లగా సూడాల."

ఆమె నమ్మకం అనుకుంది. నాది నమ్మకం కాదు, తెలిసుండటం. ఆ అన్నంలో విషం లేదని భూమ్మీద ఖాయంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె దీవెన తీసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. సముద్రం వైపు గోడ దగ్గర తిన్నదంతా కక్కుకున్నాను.

మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లలేదు. ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది, ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చారు. మా ఇంట్లో వంటలో వెల్లుల్లి వేయరు. మొక్కు అని చెప్పాను, మా ఆవిడ నమ్మింది. అప్పుడప్పుడు ఏ పనీ లేని మధ్యాహ్నాలు నా గోళ్లు వెలుతురులో పెట్టి చూసుకుంటాను. గీతలేమీ లేవు. నేను తెచ్చానే గాని తినలేదు కదా. అయినా చూసుకుంటాను. డిటెక్టివ్ నవలలు మాత్రం ఆ తర్వాత ఒక్కటీ తెరవలేదు. ఇప్పుడు టీవీలో అలాంటివి వస్తే, నా మనవరాలు కళ్లార్పకుండా చూస్తుంది. తాతా, ఎవరో చెప్పుకో అంటుంది. చార్జింగు పెట్టిన ఫోను తీసుకొస్తానని లేచి వెళ్లిపోతాను.

జైబున్నీసా పోయిందని ఆలస్యంగా తెలిసింది. ఒంటరిగానే పోయిందట. ఇంకెవర్ని అడగను క్షమించమని? మిమ్మల్నా? మీరు క్షమించలేరు. మీకా హక్కు లేదు, నాకా ఆశా లేదు. ఆమె బతికుండగా ఎందుకు రాయలేదని మీరు నిలదీస్తే, ఆమె పోయేదాకా ఆగినట్టే ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది. అదీ ఒప్పుకుంటున్నాను.

ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు. బీరువా అడుగునుంచి ఆ పుస్తకం తీశాను. అట్ట రంగు వెలిసింది, దారం పసుపుపచ్చగా మారింది. అంచుల్లో ఇంకా ఎర్ర దుమ్ము ఉంది. బ్లేడు తెచ్చుకుని కుట్టు కోశాను. పుటుక్కుమంది. పేజీలు విడివడ్డాయి. చదవలేదు. ముందు జవాబు చెప్పాలి, అది మా ఆట. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది. అయినా ఆయన కళ్లు చిట్లించి, సెప్పు బావా, ఎవులు అని అడుగుతున్నట్టే ఉంది.

నేనే, బావా.